మొదటి పేజీలో పేరు

రియాద్. శుక్రవారం మధ్యాహ్నం. ల్యాబ్ టెక్నీషియన్ కొర్నేలు కారు నడుపుతున్నాడు. వెనక సీట్లో నర్సు ప్రేమజ్యోతి, ఒళ్ళో కేకు డబ్బా.

“ఈ వారం కేకు మీద పేరు లేదేంటన్నయ్యా?”

“మర్చిపోయానమ్మా.”

“మీరా? కింద వాచ్‌మన్ అడిగితే పుట్టినరోజు పార్టీ అనాలి, కేకు మీద పేరుండాలి అని మా అందరికీ నేర్పింది మీరే. పోయినవారం శాంసన్‌కి ఈ ఏడాదిలో మూడో పుట్టినరోజు చేశాం.”

“బేకరీవాడు పేరడిగాడు. నోటికి ఏదీ రాలేదు. పోనీలే, వాచ్‌మన్ డబ్బా తెరిచి చూస్తాడా ఏంటి.”

“ఇవాళ కూడికలో వాక్యం చెప్పే వంతు నాదేగా.”

“ఆ సంగతే మాట్లాడదామనుకుంటున్నాను. పేతురు వద్దు. ఇంకెవరినైనా తీసుకో.”

“పేతురు అని నెల కిందట నాకు వంతు వేసింది మీరే.”

“వేశాను, వేశానులే. ఇప్పుడొద్దంటున్నాను. యోసేపు గురించి చెప్పు. పరాయి దేశంలో కష్టపడినవాడు. మనవాళ్ళందరికీ దగ్గరగా ఉంటుంది.”

“యోసేపు కథలో వెండి గిన్నె ఎవరి గోనెలో దొరికింది?”

“బెన్యామీను గోనెలో.”

“అతను పెట్టుకున్నాడా?”

“అంతదాకా వెళ్ళకు. చెరసాల దగ్గర ఆపేసెయ్.”

“నా బైబిలు పుష్ప క్లీనింగ్ బండిలో దొరికింది. తను పెట్టుకుందా అన్నయ్యా?”

“జ్యోతీ, ఇప్పుడెందుకు అవన్నీ.”

“నా బైబిలు అన్నాను. మీరు ఉలిక్కిపడనైనా పడలేదు.”

“వార్డులో అనుకుంటుంటే విన్నాను.”

“వార్డులో అందరూ అది పుష్పదనే అనుకుంటున్నారు.”

“ఏమో, ఎవరో అన్నారు. ఎండ కళ్ళలో కొడుతోంది, కాస్త ఆగు.”

“ఆగను. మంగళవారం నుంచీ ఆగే ఉన్నాను. ఆ రోజు ఆస్పత్రిలో మా లాకర్లు సోదా చేస్తారని చెప్పారు. నా సంచిలో బైబిలుంది. పుష్ప బండి తలుపు పక్కనే కనపడింది. కింద అరలో, గుడ్డల కింద దోపేశాను. పది నిమిషాలాగి తీసేసుకుందామనే. ఆ రోజు బళ్ళు కూడా చూశారు.”

“కంగారులో చేశావమ్మా.”

“అది కంగారే. తర్వాతది కంగారు కాదు. నన్ను ఆఫీసుకి పిలిచారు. పుష్ప కంపెనీ సూపర్‌వైజరు ఇష్తియాక్ కూడా ఉన్నాడు. తెలుగు చదివేవాళ్ళు కావాలంట. బైబిలు నా చేతికే ఇచ్చి మొదటి పేజీలో ఏం రాసుందని అడిగారు. నేను నర్సింగు పాసైన రోజు మా అమ్మ రాసిచ్చిన పేజీ. ‘నా ప్రేమజ్యోతికి, అమ్మ.’ నా పేరు నా చేతికిచ్చి చదవమన్నారు.”

“ఏమని చెప్పావు?”

“పేరేం లేదు, ఏదో దీవెన రాసుందన్నాను. పుష్ప అక్కడే గోడకానుకుని నిలబడుంది. పేతురు ఒక పనిపిల్ల అడిగితే భయపడి, యేసు ఎవరో తెలీదని బొంకాడు. నేను పనిపిల్లనే ఎదురుగా నిలబెట్టి బొంకాను. పేతురే నయం.”

“నిజం చెప్తే నీ ఒక్కదానితో ఆగేదా? ఫోను తీసుకునేవారు. శుక్రవారం కూడికలు బయటపడేవి. మా ఇల్లు, ఎరిక్ వాళ్ళు, షాలిని చూస్తే ఏడో నెల...”

“అదంతా నేనూ అనుకున్నాను. ఇంతమందిని కాపాడానని నాకు నేనే చెప్పుకున్నాను. చెప్పుకున్న కొద్దీ సిగ్గు పెరిగింది. అద్దంలో తల దువ్వుకోవడం మానేశాను అన్నయ్యా, నా మొహం నేను చూడలేక.”

“దేవునికి నీ మనసు తెలుసు.”

“తెలిసే సిగ్గేస్తోంది. పుష్ప వచ్చి పద్నాలుగు నెలలే. జగిత్యాల దగ్గర పల్లెటూరు. ఆదివారం ఎగ్జిట్ వీసా వేసి ఇంటికి పంపేస్తున్నారు.”

“ఆమెకి దేవుడు ఇంకో దారి చూపిస్తాడులే.”

“మీ నోట ఆ మాట వస్తుందనుకోలేదు.”

“మరేమనమంటావు?”

“నిన్న వాళ్ళ లేబర్ క్యాంపుకెళ్ళాను. కాళ్ళమీద పడదామని వెళ్ళాను. నన్ను మంచం మీద కూర్చోబెట్టి టీ పెట్టిచ్చింది. ఆ బైబిలు నాదే అని చెప్పలేకపోయాను. నీది కాదని ఎందుకు చెప్పలేదు పుష్పా అని మాత్రం అడిగాను. ఏమందో తెలుసా?”

“వద్దులే.”

“‘నాది గాదనే చెప్పిన మేడం. మల్ల అండ్ల నా పేరే రాసున్నదన్నరు. నాకు సదువు రాదాయె. సదువుకున్నోళ్ళు సదివి చెప్పినంక, ఏమో, నాదేనేమో అనుకున్న.’ అంతే అంది. ఇంకో గ్లాసు తాగమంది. వింటున్నారా?”

“సిగ్నల్ చూస్తున్నాను.”

“పచ్చ పడి చాలాసేపైంది. వెనక హారన్లు కొడుతున్నారు.”

“ఆ. ఆ.”

“నాకు అర్థం కానిది అదే. పేరు లేదని కదా నేను చెప్పింది. మరి పుష్ప పేరుందని వాళ్ళతో ఎవరన్నారు? ఇష్తియాక్ కల్పించాడంటారా?”

“అయ్యుండొచ్చు. అయ్యుండొచ్చు. పోనీ దానియేలు చెప్పు. అందరికీ ధైర్యం వస్తుంది.”

“దానియేలు కిటికీలు తెరిచి ప్రార్థన చేశాడు. మనం కర్టెన్లు వేసి, గొంతు తగ్గించి పాడతాం. అందులో తప్పేం లేదు, భయం ఎవరికుండదు? మన భయాన్ని తీసుకెళ్ళి ఇంకొకరి బండిలో పెట్టకూడదు.”

“అయితే పేతురే చెప్తానంటావు.”

“పేతురు మూడోసారి బొంకాక కోడి కూయగానే మనమెప్పుడూ ఆపేస్తాం. ఏడ్చాడు, సరిపోయింది అంటాం. నేనూ నాలుగు రోజుల్నించి ఏడుస్తున్నాను, పుష్ప టికెట్టు మారలేదు. నాకు యూదా కావాలి. ఇస్కరియోతు కాదు, యోసేపు అన్న. ఒక తమ్ముణ్ణి అమ్ముకున్నవాడే. గిన్నె దొరికిన రోజు మాత్రం ముందుకొచ్చి, వీడి బదులు నన్ను ఉంచుకోండి అన్నాడు.”

“అది కూడికలో అందరి ముందూ చెప్తావా?”

“కూడికకి రావట్లేదు. కారు తిప్పండి. ఇష్తియాక్ శుక్రవారం క్యాంపులోనే ఉంటాడు. బైబిలు ఆయన దగ్గరే ఉంది.”

“నీ ఉద్యోగం పోతుంది.”

“పోతుంది.”

“ఆదివారం దాకా ఆగమ్మా. ఆమె విమానం ఎక్కేశాక నెమ్మదిగా కంపెనీకి ఒక లెటరు...”

“విమానం ఎక్కేశాక నేను ఎవరి బదులు నిలబడాలి?”

“సరే. గేటు దగ్గర దింపేస్తాను.”

“మీరూ లోపలికి రావాలి.”

“నేనెందుకు?”

“నా మాట ఎలా నమ్ముతారు? ఒకసారి అబద్ధం చదివినదాన్ని. తెలుగొచ్చినవాళ్ళు ఇంకొకరు చదవాలి. మీరు పెద్దవారు, ఇరవై రెండేళ్ళ సర్వీసు, ఆస్పత్రిలో అందరికీ మీ మాటంటే గురి. నా గురించి ఏం చెప్పక్కర్లేదు. ఆ పేజీ తీసి, ఉన్నది ఉన్నట్టు చదవండి చాలు. అన్నయ్యా, కారు ఆపారేం?”

“తిప్పుతాను. తిప్పుతానమ్మా. కేకు పక్కన పెట్టు, జారిపోతుంది.”

“తిప్పుతానని ఇంజను ఆపేశారేంటి? ఒంట్లో బాగోలేదా?”

“మంగళవారం నీ తర్వాత ఆ పేజీ చదవమని నన్ను పిలిచారు జ్యోతీ. మీ అమ్మ చేతిరాత చూశాను, నీ పేరు చూశాను. ఇక్కడ రాసుంది పుష్ప అనేనా అని ఇష్తియాక్ మూడుసార్లు అడిగాడు. మూడుసార్లూ అవునన్నాను.”