పోలయ్యని మింగిన పులి

చింతగుంట్ల యల్లమంద జేబులో ఆ పొద్దు నూట పదకొండు రూపాయలున్నాయంట. మిరపనారు అమ్మిన డబ్బులు. ఆ డబ్బు పెట్టుకుని వాడు బయల్దేరింది దూడని కొనటానికి గాదు, ఇంజనుకి డీజిలు పోయించటానికీ గాదు. వాళ్ల ముత్తాతకి నాన్న కావాలి, ఎక్కడన్నా దొరుకుతాడేమో చూద్దామని. నవ్వమాకండి, వాడి తంటా వాడిది. ముత్తాత నాన్న దొరక్కపోతే వాడికి పెళ్లాం దొరకదు మరి.

ఏమైందంటే, ఈ యల్లమందకి లెక్కల పిచ్చి. చదువు ఎనిమిదో తరగతితో ఆపేశాడు గానీ, నారుమడి గట్టున నిలబడి ఒక చూపు చూస్తే మొక్కలెన్నో చెప్పేవాడు. పీకి లెక్కపెడితే పదో పరకో తేడా, అంతే. ఎవరి పొలంలోనో కూలికి పోవటం ఎందుకని, ఒకరి మడి కౌలుకి తీసుకుని సొంతంగా నారు పోసి ఊరూరా అమ్మేవాడు. మంచోడే. ఒకటే జబ్బు. ఎదుటోడు లెక్క తప్పితే ఊరుకోలేడు. కాలికి ముల్లు దిగినట్టే వాడికి. అట్టాంటోడికి దొండవరం కోటిలింగం గారి మనవరాలు అంకమ్మని అడిగారు. ఆ పిల్లక్కూడా వీడంటే ఇష్టమే అనుకో, నారు కొనే వంకతో రెండుసార్లు వచ్చింది, వాళ్లకి మిరపతోటే లేదు. ఆ పిల్లే ముందు చెప్పిందంట, "మా తాత ముందర నోరు తెరవమాకయ్యా, మిగతాది నేను చూసుకుంటా" అని. తెరవనే తెరవను అన్నాడు వీడు.

మా వైపు సంబంధం ఖాయం చెయ్యాలంటే ముందు వంశం చెప్పించాలి. దానికి వంశం చెప్పేవాళ్లుంటారు. కాగితం లేదు, పుస్తకం లేదు, చంకలో గుమ్మెట పెట్టుకుని టకటకా వాయిస్తా ఏడు తరాలు నోటితోనే చెప్పేస్తారు. చింతగుంట్లోళ్ల వంశం చెప్పేది సింగన్న. ఒట్టి పేర్ల వరస అయితే మానెడు జొన్నలు, కథలతో సహా గావాలంటే కొత్త పంచె. యల్లమంద నాన్న సుబ్బయ్యది కాస్త గట్టి చెయ్యి, జొన్నలతో సరిపెట్టాడు. కోటిలింగం గారి పంచలో అందరూ కూచున్నాక సింగన్న మొదలుపెట్టాడు. "విజయనామ సంవత్సరాన వీరయ్య ఇంటికి అచ్చమ్మ కాపరానికొచ్చె, ఆ వీరయ్య ఇంట..." అని, ఇక్కడ కళ్లు మూసుకుని గట్టిగా దగ్గాడంట, దగ్గి, "ధాత కరువునాడు రాఘవులు పొత్తిళ్లలో ఉండె, రాఘవులుకి కోటయ్య, కోటయ్యకి సుబ్బయ్య, సుబ్బయ్యకి యల్లమంద" అని దరువు ముగించాడు. కోటిలింగం తల ఊపాడు. బాగుంది అన్నాడు. లోపల్నించి తాంబూలం పళ్లెం వచ్చింది. ఇంకేం, అయిపోయినట్టే గదా? అప్పుడు తెరిచాడయ్యా మనోడు నోరు. "విజయ నించి ధాతకి నలభై మూడేళ్లు గదా. అచ్చమ్మ పద్నాలుగో ఏట కాపరానికొచ్చినా, ధాత నాటికి యాభై ఏడు. యాభై ఏడేళ్ల మనిషికి పొత్తిళ్లలో పిల్లాడేంది?"

సుబ్బయ్య కొడుకు కాలు తొక్కాడు. తొక్కితే ఏం లాభం, మాట బయటపడింది. కోటిలింగానికి లెక్కలు రావుగానీ వంశాలు బాగా తెలుసు. అంటే మధ్యలో ఒకడు తగ్గాడన్నమాట అన్నాడు. తగ్గాడు అన్నాడు వీడు, లెక్క కుదిరిన సంతోషంతో. మరి వాణ్ణి ఎందుకు దాచారు, ఉరేసుకున్నాడా, దొంగతనం చేసి జైలుకు పోయాడా, కులం తప్పాడా? "చూడు సుబ్బయ్యా, బొక్కపడ్డ వంశంలోకి మా పిల్లని తోలను. ఆ మధ్యలోవోడు ఎవడో, ఏం చేశాడో, మాఘం వెళ్లే లోపల ఇదే పంచలో చెప్పించు. లేదంటే ముక్కుపాలెం వాళ్లు కూడా అడగతన్నారు." పళ్లెం వచ్చిన దారినే లోపలికి పోయింది.  ఇంటికొచ్చే దారిలో, ఊరు కనపడ్డాక సుబ్బయ్య అన్నాడంట, "నీకు పెళ్లి చెయ్యటం కంటే ఎద్దుకి సంధ్యావందనం నేర్పటం తేలికరా" అని.

సరే, తెల్లారి నూట పదకొండు రూపాయలతో బయల్దేరాడు యల్లమంద. ముందు తాలూకా ఆఫీసుకి పోయాడు, భూమి ఉన్నోడి పేరు దొరలు రాయకుండా ఉంటారా అని. రికార్డు గదిలో గుమాస్తా టీలకి ఇరవై రూపాయలు తీసుకుని, తుమ్మి, దుమ్ము దులిపి, దొరలనాటి భూముల చిట్టా, ఫైసలా లెక్క తీశాడు. అందులో ఏముందంటే, "చింతగుంట్ల వీరయ్య వగైరాలు" అని ఉంది. మళ్లీ కిందకి వెతికితే "చింతగుంట్ల రాఘవులు వగైరాలు" అని ఉంది. మధ్యలోవోడు లేడు. "ఈ వగైరాల్లో మావోడు ఉన్నాడా అండీ?" అంటే, "ఉండకేం చేస్తాడయ్యా, దేశంలో సగం మంది వగైరాలే" అన్నాడంట గుమాస్తా. చూశారా, మనిషి ఎండలో దున్ని, శిస్తు కట్టి, పిల్లల్ని కని, చివరికి వగైరా అయిపోయాడు.

ఇంక గతిలేక సింగన్న వాళ్ల ఊరు పోయాడు. సింగన్న మేకలకి మండలు కొడుతున్నాడు. "సింగన్న బాబాయ్, వీరయ్య తర్వాత దగ్గావు గదా, అక్కడెవడు?" అంటే, "పొగాకు నాయనా" అన్నాడు. మీ నాన్న చెప్పేటప్పుడో? ఆయనా అక్కడే దగ్గేవాడు. మీ తాత? ఆయనదే మొదలు. "మూడు తరాలు ఒకే కాడ దగ్గితే అది పొగాకు గాదు బాబాయ్" అన్నాడు యల్లమంద. సింగన్న వాణ్ణి కిందా మీదా చూశాడు. కత్తి పక్కన పెట్టి, మంచం వాల్చాడు.

"చెప్తా విను. మేం వంశం చెప్పేటప్పుడు ఎవడన్నా మధ్యలో లేచి తప్పు పట్టాడనుకో, వాణ్ణి మేం కొట్టం, తిట్టం. వాడి పేరు మింగేస్తాం. మా కట్టుబాటు అది. మీ ముత్తాత రాఘవులు పెళ్లిలో మా తాత మీ వంశం ఎత్తుకున్నాడు. వియ్యాలవారంతా కూచున్నారు. మీ వీరయ్య గుండ్లవాగు కాడ పులిని చంపిన కథ ఊపుమీదుంది. అప్పుడు రాఘవులు నాన్న, పోలయ్య ఆయన పేరు, లేచాడు. లేచి ఏమన్నాడు? మా నాన్న వీరయ్యే నాకు చెప్పాడు, అది పులి గాదు, దుమ్ములగొండి, అది కూడా అప్పటికే చచ్చి పడుంది, కంపు కొడతంటే కర్రతో వాగులోకి నెట్టాడు అన్నాడు. పెళ్లివారు పొట్టలు పట్టుకుని నవ్వారంట. మా తాత గుమ్మెట దించేశాడు. ఆ రోజుతో పోలయ్య లేడు."

యల్లమంద ఏం చేశాడనుకున్నారు? నవ్వాడు. మంచం కోడు పట్టుకుని నవ్వాడు. నీ నోరు ఎవడి పోలికరా అని వాళ్లమ్మ చిన్నప్పట్నించీ తిడతానే ఉండేది, ఇప్పుడు పోలిక దొరికింది. దొంగ గాదు, కులం తప్పినోడు గాదు, ఊరుకోలేనోడు, అంతే. వెంటనే ఆ తాత మీద ప్రేమ పుట్టుకొచ్చింది వాడికి. మింగిన పేరు మళ్లీ బయటికి రావాలంటే ఏం చెయ్యాలి బాబాయ్ అన్నాడు. "అదే ఇంటి మగపిల్లాడు నలుగురిలో లేచి, అది పులే అని ఒప్పుకోవాల. నాకు పంచె పెట్టాల." ఎంత పులి? తొమ్మిది మూరలు. యల్లమంద మోచేతితో మంచం కొలిచాడు, నాలుగు మూరలు. ఇట్టాంటి మంచాలు రెండు వరసగా వేసినా ఇంకా తల బయటే ఉంటది. "తోకతో సహానా?" అన్నాడు. "తోక వేరే" అన్నాడు సింగన్న, వాడి కళ్లలోకి చూస్తా. యల్లమంద నాలిక కొరుక్కున్నాడంట. రక్తం కూడా వచ్చిందంటారు, నేను చూడలేదు.

మాఘం వెళ్లకముందే కోటిలింగం పంచలో మళ్లీ కూచున్నారు. ఈసారి కొత్త పంచె. జరీ అంచు. సింగన్న గొంతే మారిపోయింది. వీరయ్య వాగు దిగాడు, మేడి పట్టిన చేత్తో పులి మెడ పట్టాడు, మూడు జాములు పెనుగులాడాడు, తొమ్మిది మూరల పులిని వాగు ఇసకలో పరిచాడు. పరిచి, దరువు ఆపి, యల్లమంద వైపు చూశాడు. యల్లమంద లేచాడు.  పోలయ్య తాతా, నీ పేరు నిలబెట్టాలంటే నీ మాట పడగొట్టాలి, నువ్వయితే ఏం చేసేవాడివో నాకు తెలుసు, నీకు పెళ్లయి పిల్లాడు పుట్టాక లేచావు, నాకింకా పెళ్లి గాలేదు అనుకున్నాడంట మనసులో. అనుకుని, "పులే" అన్నాడు. "ఆ వీరయ్య ఇంట పోలయ్య పుట్టె, పోలయ్యకి రాఘవులు" అన్నాడు సింగన్న. అంతే, దగ్గు లేదు. తొంభై ఏళ్ల తర్వాత ఆ పేరు బయటికొచ్చింది. సుబ్బయ్య, ఆ గట్టి చెయ్యి మనిషి, పంచె మీద ఇంకో అయిదు రూపాయలు పెట్టాడంటే చూసుకోండి.

కానీ కోటిలింగం మొహం మాడిపోయింది. లేచి నిలబడ్డాడు. ఏ వాగు అన్నావురా సింగా? గుండ్లవాగండి. ఏ సంవత్సరం? విజయ. ఎన్ని మూరలు? సింగన్న గుమ్మెట తోలు బిగించుకుంటా కూచున్నాడు, చెవులు వినపడనట్టు. "పోయినేడు ఇదే పంచలో, ఇంకో పంచె పుచ్చుకుని, ఆ పులిని మా పెద్దల్లో కొండయ్య చంపాడని చెప్పావు గదరా. అదే వాగు, అదే ఏడు, అదే తొమ్మిది మూరలు. ఇప్పుడు వీళ్లబ్బాయి నలుగురిలో లేచి మా పులి వాళ్లదని ఒప్పేసుకుంటన్నాడు. పులి దొంగలకి పిల్లనిస్తానా నేను?" కోటిలింగం తమ్ముళ్లు పంచలు ఎగ్గట్టుకుంటన్నారు. సుబ్బయ్య చెప్పులు వెతుక్కుంటన్నాడు. అప్పుడు తలుపు వెనక నించి అంకమ్మ గొంతు వినపడింది, "ఏమయ్యా లెక్కలాయనా, ఇప్పుడు తెరువు నోరు" అని.

తెరిచాడు. "తాతా, మీ ఎడ్లబండి పొడుగెంత? నొగలతో సహా తొమ్మిది మూరలుంటదా? బండి పొడుగు పులి ఎక్కడన్నా ఉంటదా? మీరు చూశారా? ఎవరూ చూడరు, ఎందుకంటే అది ఒక పులి గాదు. నాలుగున్నర మూరలవి రెండు. జంట. ఒకదాన్ని మీ కొండయ్య తాత చంపాడు, ఇంకోదాన్ని మా వీరయ్య తాత. ఇసకలో ముక్కుకి తోక ఆనించి వరసగా పడుకోబెట్టారు, కొలిచినోడు ఒకటే అనుకుని కొలిచాడు."  కోటిలింగం వాకిట్లో బండిని ఒక చూపు చూశాడు. మీసం దువ్వాడు. గొంతు సవరించుకున్నాడు. "అయితే మగపులి ఎవరిది?" అన్నాడు. "మీదే తాతా" అన్నాడు యల్లమంద, ఊపిరి కూడా పీల్చుకోకుండా. సరే అయితే, తాంబూలం తెమ్మనండి అన్నాడు కోటిలింగం.

అందరూ భోజనాలకి లేచాక సింగన్న యల్లమందని గొడ్లచావిడి వెనక్కి పిలిచాడంట. పెళ్లికి ముక్కుపాలెం వాళ్లొస్తారా నాయనా? చుట్టాలు గదా, వస్తారు. పెదగార్లపాడు వాళ్లో? వస్తారు. సింగన్న బుర్ర గోక్కున్నాడు. వీడికి అర్థమైపోయింది. "ఈ పులి ఎన్ని ఇళ్లల్లో ఉంది బాబాయ్?" అంటే, మీ రెండిళ్లూ కలుపుకుని తొమ్మిది అన్నాడు. తొమ్మిది మూరలు, తొమ్మిది ఇళ్లు. ఇంటికి మూర. మూర పొడుగుంటే దాన్ని కొట్టంలో ఎలకలకి పెంచుకుంటారు, వాగులో పెనుగులాడరు. పెళ్లిపందిట్లో తొమ్మిది ఇళ్లవాళ్లు ఒకే పులి మీద కూచుంటే తాళి ఎవడు కడతాడు? ఇంటికి నాలుగున్నర లెక్కన నలభైన్నర మూరల పులి కావాలి, పెళ్లి ఫాల్గుణంలో, ఏడిళ్లకి పోయి నచ్చచెప్పాలి. యల్లమంద సైకిలుకి గాలి కొట్టాడు, గుమ్మెటతో సహా సింగన్నని వెనక కూచోబెట్టుకున్నాడు, ముందు ముక్కుపాలెం అని హ్యాండిలు అటు తిప్పి పెడలు మీద కాలేశాడు. మన కొండల్లో పులన్నది లేదని అడవి ఆఫీసోళ్లు ఇప్పటికీ వచ్చి రాసుకుపోతారు. ఎట్టా ఉంటది? మా పెద్దోళ్లు ఒక్కదాన్నన్నా మిగలనిస్తేగా.