వయోలా కాగితం

యుద్ధం ముగిసి పదేళ్లయింది. రైన్ నది ఒడ్డున ఒక ఊళ్లో, ముసలి స్వరకర్త వయొలిన్, వయోలా అంటూ ఒక్కో వాయిద్యానికీ విడిగా రాసిచ్చిన తన సింఫనీ కాగితాలు తిరిగి తీసుకోవడానికి ఆర్కెస్ట్రా ఆఫీసుకు వచ్చాడు. వాటిని భద్రపరిచే ఆవిడ కట్ట విప్పింది.

"రిహార్సల్లో మీ సింఫనీ అందరికీ నచ్చిందండీ. కచేరీలోనే చోటు కుదరలేదు."

"అబద్ధమెందుకమ్మా? వాయించేవాళ్లు పెన్సిల్‌తో గుర్తులు పెట్టుకోకుండా ఉంటారా? ఈ వయొలిన్ కాగితాలు చూడు, ఇస్త్రీ చొక్కాల్లా ఉన్నాయి."

"క్షమించండి. మీరిచ్చినప్పటినుంచీ ఈ నాలుగేళ్లూ బీరువాలోనే ఉన్నాయి."

"పోనీలే, కట్టెయ్యి."

"ఆగండి. ఈ వయోలా కాగితం నిండా గుర్తులే."

"ఎవరిది?"

"మా ఆర్కెస్ట్రాలో వయోలా వాయించే హెన్‌షెల్ గారిది. ఇంటికి పట్టుకెళ్లి వాయించుకునేవారు. మొన్న చలికాలంలో పోయారు, పాపం."

"ఒక్కడూ ఏం వాయిస్తాడమ్మా? రెండో భాగంలో వయోలాకి అరవై ఆవర్తాలు పనే లేదు. మిగతావాళ్లు వాయిస్తుంటే లెక్కపెట్టుకుంటూ కూర్చోవాలంతే."

"అక్కడా గీతలున్నాయండీ. ఆవర్తానికొకటి."

"ఎన్నున్నాయో చూడు."

"...యాభై ఎనిమిది, యాభై తొమ్మిది, అరవై. ఒక్కటీ దాటెయ్యలేదు."

"అయితే మొత్తం విన్నాడు."