చామంతుల మీద మందు

1969. బోధన్‌లో ఫ్యాక్టరీ ఇంజనీరుగారు, ఆయన భార్య ప్రమీలమ్మ ఉండే బంగ్లా. మాడిపోయిన చామంతి కుండీల నడుమ తోటమాలి బాలనర్సయ్య, ఆయన భార్య భూమవ్వ. ఆమె చేతులకు మందు మరకలు ఇంకా పోలేదు.

"నలభై కుండీలే! ఒక్కటి మిగల్లే. ఏం గొట్టినవే వీటి మీద?"

"నువ్వు కొట్టే మందే."

"నేను కొడ్తె గిట్లయితదా? బక్కెట్ నీళ్లకు జింకు మందు రెండు చెంచాలు, అన్నభేది ఒక చెంచా, ఇంత సున్నపు తేట. గది గూడ పొద్దుగూకంగ కొట్టాలె. నువ్వెంత గలిపినవ్?"

"చెంచాతోని కొలువలే."

"ఎంత గలిపినవే?"

"నాలుగు గుప్పిళ్లు. సున్నం ఎయ్యలే. మిట్టమధ్యాహ్నం కొట్టిన."

"ఎరుకుండే కొట్టినవా?"

"ఎరుకుండే కొట్టిన."

"ఆకు తెల్లవడి, మొగ్గ గట్టక సావనీకున్న చెట్లే ఇవి! నెల దినాలు మందు కొట్టి కొట్టి, చెట్టుకు ఇరవై మొగ్గలు తెచ్చిన. వారమైతె నిజామాబాదుల పూల పోటీ. ప్రమీలమ్మకేం జెప్పాలె నేను?"

"మమ్ముల తీసెయ్యుండ్రి అని చెప్పు. మనూరు చందూరు పోదాం."

"మల్ల గదే మాట."

"మల్ల గదే. మూడేండ్లాయె. గులాబీలు పూసినంక పోదామంటివి. డేలియాలు పూసినంక అంటివి. పూసినంక, ప్రమీలమ్మ ఇడ్సిపెడ్తలేదంటివి. సక్కగ పూస్తున్నయి గనకనే గదా ఇడ్సిపెడ్తలేదు? అందుకే మాడగొట్టిన."

"గట్టిగ మాట్లాడకు. అమ్మ ఇంటది."

"ఇననీ! మొన్న చందూరు పోతె సాయవ్వ, నా కడుపుల వుట్టిన పిల్ల, దాన్ని సాదే మా చెల్లెనే తల్లనుకొని, కొంగు వట్టుకొని ఏమన్నదెరుకేనా? 'అవ్వా, బంగ్లామె అచ్చింది' అన్నది. నన్ను! బంగ్లామెనంట నేను!"

"పసిపిల్ల. దానికేమెరుక."

"ఈడికి తెచ్చుకుందామంటె, కుండీలు పలగ్గొడ్తది, అమ్మ వద్దన్నది అంటివి."

"అన్నది... అన్నదనే గదా నేను..."

"అన్నదా?"

"ఆగు. అమ్మ అస్తున్నది. నువ్వు లోపటికి పో. నేను జెప్పుకుంట."

"పోను."

"భూమీ, నీ కాళ్లు మొక్కుత. లోపటికి పో."

"అయ్యో, నా చామంతులు! ఏమైంది నర్సయ్యా?"

"ఏం లేదమ్మా, జర మందు..."

"ప్రమీలమ్మా, ఆయన తప్పు లేదు. మందు నేనే ఎక్కువ కొట్టిన. మీరు ఇడ్సిపెడ్తలేరని, కావాలనే కొట్టిన. ఇగ మమ్ముల తీసెయ్యుండ్రి. మీకు పుణ్యముంటది, మా పిల్ల దగ్గరికి పోతం."

"నేను విడిచిపెట్టకపోవుడేంది? పోయిన దసరాకే ఊరికి పొమ్మన్న గద నర్సయ్యా?"

"ఎండ ఎక్కువున్నదమ్మా, మీరు లోపటికి నడువుండ్రి..."

"నువ్వుండు. భూమవ్వా, ఏ పిల్ల?"

"మా సాయవ్వమ్మా. ఐదేండ్లది."

"మీకు పిల్ల ఉన్నదా? 'ఊర్లో మాకెవరున్నరమ్మా, పిల్లా జెల్లా లేరు, ఈ పువ్వులే మా పిల్లలు' అన్నడు గద మీ ఆయన!"