లోపలి జేబు

బీజింగ్ దక్షిణ శివారు. మధ్యాహ్నం ఆట వదిలారు. సినిమా హాలు ముందు బస్టాపులో టైల్స్ మేస్త్రీ షౌగెన్, కుట్టుపని చేసే చ్యూమెయ్. ఆమె కాళ్ళ దగ్గర గళ్ళ సంచీ.

"చూశావా? చూశావా లేదా? మోచేతి దగ్గర సిమెంటు మరక. అది నాదే."

"చూశాను."

"భుజం మీద అతుకు?"

"అతుకు వేసిందే నేను. చూడకేం, మేస్త్రీ."

"పదకొండేళ్ళు ఈ ఊళ్ళో పడున్నందుకు నాకు జరిగిన ఒకే ఒక్క ఘనకార్యం, చ్యూమెయ్. నేను టైల్స్ పరిచిన మాల్లోకే నన్ను రానివ్వడు సెక్యూరిటీవాడు. నా కోటు మాత్రం గోడంత తెర మీద నిలబడింది. నాకంటే నా కోటు బాగుపడింది."

"హీరో ఒంటి మీద బానే ఉంది."

"నా ఒంటి మీద బాలేదా?"

"నీ ఒంటి మీద చలికి వేసుకున్నట్టుండేది. అతని ఒంటి మీద అందానికి వేసుకున్నట్టుంది."

"వాడి గోళ్ళు చూశావా? టైల్స్ పరిచేవాడి గోళ్ళా అవి? పాలల్లో కడిగినట్టున్నాయి. సినిమాలో మేడ మీద వాడూ ఆ పిల్లా ఇద్దరే అట, కింద ఊరంతా దీపాలట. మా గదిలో ఎనిమిది మందిమి. మేడ తలుపుకి తాళం, తాళంచెవి కాంట్రాక్టరు దగ్గర. ప్రేమించాలంటే ముందు వాడికి అర్జీ పెట్టుకోవాలి."

"నువ్వు పెట్టలేదుగా, అర్జీ."

"నేనా... నాకెందుకు... చిలగడదుంప తింటావా? వేడివేడిగా ఉన్నాయక్కడ."

"వద్దు. బస్సొచ్చేస్తుంది. ఆరింటికి రైలు."

"టికెట్ ఒకవైపేనా?"

"మా కుట్టు వర్క్‌షాపు మూసేశాక రెండోవైపు ఎందుకు? మిషన్లు కూడా లారీ ఎక్కించేశారు. సిచువాన్‌లో మా అక్క కొట్టు పక్కన చిన్న గది ఉంది. జిప్పులు మార్చుకుంటూ బతుకుతా."

"జిప్పులు ఇక్కడా పోతాయి."

"ఏమన్నావు?"

"ఏం లేదు. జిప్పులు. పోతుంటాయి, అంటున్నా."

"అది సరే, ఆ కోటు వాళ్ళకి ఎందుకిచ్చేశావు?"

"ఎందుకంటే, సినిమావాళ్ళు వ్యాను వేసుకుని సైటుకొచ్చారు. పాత కోటు ఇవ్వు, కొత్త కోటు పట్టుకెళ్ళు. మురికి తయారుచెయ్యడం వాళ్ళకి చేతకాదట. పన్నెండు మందిమి వరసలో నించున్నాం, పెళ్ళిచూపుల్లోలాగ. అంతమందిలో డైరెక్టరుకి నా మురికే నచ్చింది. ‘ఇది నిజమైన మురికి’ అన్నాడు. పొంగిపోయాను, వెధవని. చెమట కావాలి, మరక కావాలి. ఆ చెమట పట్టినోణ్ణి మాత్రం గేటవతలే ఉండమన్నారు, షూటింగుకి అడ్డమని."

"ఇచ్చేముందు జేబులు చూసుకోలేదా?"

"చూశా. పై జేబులు రెండూ. మేకులు, లైటరు తీసేసుకున్నా."

"లోపలి జేబు?"

"పండక్కి ఊరికి డబ్బు దాచి పట్టుకెళ్ళడానికి నువ్వు కుట్టిచ్చావే, అదా? దాని మూతి కుట్టేసే ఉందిగా. విప్పలేదు."

"పచ్చికుట్టే వేశాను. ఒక్క లాగు లాగితే వచ్చేస్తుంది. డబ్బు పెట్టుకునేప్పుడు ఎలాగూ విప్పుతావు, మళ్ళీ గట్టిగా కుట్టించుకోడానికి నా దగ్గరికే తెస్తావు అనుకున్నా."

"ఆ యేడు పండక్కి ఊరెక్కడికెళ్ళాను? సైటు కాపలాకి ఉండిపోయాగా. ఊరెళ్ళనోడికి లోపలి జేబుతో పనేంటి? ఏం పెట్టను అందులో, నా మొహమా?"

"పండగైన పది రోజుల దాకా చూశాను."

"దేన్ని?"

"ఏం లేదు. సినిమా ఎలా ఉందో చెప్పు."

"కోటు బాగా నటించింది. మిగతాదంతా చెత్త. చివరి పాటలో హీరోకి ఈ ఊళ్ళో స్థిరపడే కాగితాలు కూడా వచ్చేస్తాయి, చూశావా? పదకొండేళ్ళుగా ఆఫీసుల చుట్టూ తిరుగుతున్నా, ఈ పాటేదో ముందే తెలిస్తే అక్కడ పాడేవాణ్ణి. ఇక ఆ జేబు సీను. ఎర్రదారం లాగుతాడు, జేబు మూతి విడిపోతుంది, కాగితం రాలుతుంది. దాని మీద ఆ పిల్ల రాసిన మాట, ‘జేబు విప్పావుగా. మళ్ళీ కుట్టాలంటే నేనే కావాలి. నా దగ్గరికి రా.’ నవ్వాగలేదు నాకు."

"ముందు సీటామె వెనక్కి తిరిగి మరీ చూసింది నిన్ను."

"చూడనీ. ముక్కు చీదుకుంటూ చూసింది. హాలంతా ముక్కులే. ఎవరో నలుగురు హీటరు పక్కన కూచుని, టీ తాగుతూ రాసుంటారు ఆ మాట. పన్నెండు గంటలు మిషను తొక్కే ఆడది ఎక్కడన్నా అలా రాస్తుందా? కానీ ఆ కాగితం మాత్రం మెచ్చుకోవాలి. అచ్చం మీ వర్క్‌షాపు పనిచీటీ. మూల చిల్లుతో సహా. ఎక్కడ దొరికిందో వాళ్ళకి."

"ఎక్కడ దొరికిందో."

"ఏంటలా అయిపోయావు?"

"చలి."

"ఇదుగో, నా కోటు వేసుకో. సినిమావాళ్ళిచ్చిందే. మూడో రోజుకే దూది రాలింది. దీనికి లోపలి జేబు కూడా లేదు."

"బస్సొస్తోంది, మేస్త్రీ. ఆ సంచీ అందుకో."

"ఇంకోటొస్తుంది. ఆగు. ఆగమన్నానా. ఆ హీరోలాగా ప్లాట్‌ఫాం మీద పరిగెత్తడం నావల్ల కాదు. పదకొండేళ్ళు గొంతుక్కూచున్న మోకాళ్ళు ఇవి. టికెట్ లేనిదే స్టేషను గేటు కూడా దాటనివ్వరు. అందుకే ఇక్కడే అడుగుతున్నా, ఈ బస్టాపులోనే, మొహాన దుమ్ము కొడుతుంటే. ఉండిపో."

"ఈ ఒక్క మాటకి రెండేళ్ళు పట్టిందా?"

"నాకు నోరు లేదు. ఒప్పుకుంటా. సిమెంటు పోసి పెట్టుకున్నా నోట్లో. నీకుందిగా నోరు. మా సైటుకొచ్చి కాంట్రాక్టరుతో పోట్లాడి పన్నెండు మందికి చేతి తొడుగులు ఇప్పించావు. మరి నాతో ఎప్పుడన్నా ఒక్క మాట, ఒక్కటంటే ఒక్క మాట అన్నావా?"

"అన్నాను. ఎర్రదారంతో కుట్టి మరీ అన్నాను. ఇందాక హాలంతా దానికే ఏడ్చింది, మేస్త్రీ. నువ్వొక్కడివే నవ్వావు."