తిప్పయ్య దోటి, నబీ రసూల్ వకీలు

ఏమప్పా, నువ్వు లా చదువుతాండావంటనే? మొన్న మీ జేజినాయన చెప్పె, మనమడు నల్లకోటు ఏస్తాడని. కూచో, ఆ గోనెపట్ట మీద కూచో, అరుగు కాలుతాంటాది. ఓమ్మే, రెండు టీలు పెట్టు, జయరాముని మనమడు వచ్చినాడు. వకీలంటే ఏం కావల్ల చెప్పు సూద్దాం? ఆఁ, నోరు. అందరూ అదే అంటారు. నేనూ అట్లే అనుకుంటాంటి, నబీ రసూల్ వకీలును సూసేదాంకా. నువ్వు పుట్టకముందే పాయ లే ఆయప్ప. అనంతపురం పాతూర్లో ఉండె. బక్క మడిసి. నశ్యం పీల్చి పీల్చి మాట ముక్కులో నుంచి వస్తాండె. కోటు మోచేతుల కాడ అరిగి తెల్లగైపోయింటాండె. ఈ మడిసి మా అన్నను ఏం కాపాడతాడప్పా అని మొదటి దినమే అనుకుంటి. అయితే సంతలో గొర్రెలు బాగా తెలిసినోడు ఉంటాడు గదా, మాట్లాడడు, ఊరికే పండ్లు సూస్తాడు, ఈపు తడుముతాడు, కాలెత్తి సూస్తాడు. ఆయప్ప అట్లాంటోడు. మనకు తెలిసేకి శానా దినాలు పట్టె.

మా అన్న తిప్పయ్య సంగతి నీకు తెలుసో లేదో. తెలుసా? ఏం తెలుసు, ఒగ మడిసిని సంపి జైలుకు పోయినాడని, అంతేనా? ఊర్లో అట్లే చెప్పుకుంటారు లే, నోటికి తాళమెవుడేస్తాడు. ఎనభయ్యో సంవత్సరమనుకుంటా. వాన పడల్యా. మన మడకశిర పక్క ఎప్పుడు సక్కంగా పడింది గానీ, ఆ ఏడు మరీ అన్యాయం. బుడ్డలు, అదే శనక్కాయలు, ఇత్తినోల్లకు ఇత్తనాలు గూడా తిరిగి రాల్యా. మాకు సేన్లు తక్కువ, జీవాలే గతి. గడ్డి లేదు, సెట్లకు రోంత ఆకు మిగిలె. మా అన్న పొద్దంతా దోటి భుజాన ఏసుకొని తిరుగుతాండె. దోటంటే తెలుసా, మీరు టౌనోల్లు? పొడుగాటి ఎదురుకట్టె, కొనకు చిన్న కొడవలి కట్టింటారు, కొమ్మలు కోసేకి. మేకలోడు చొక్కా మర్సిపోతాడు గానీ దోటి మర్సిపోడు. ఆ దినం మా ఊరి ఓబుళేసు సేను గట్టున తుమ్మచెట్టు కొమ్మలు కోస్తాండాడు. ఓబుళేసు వచ్చె. ఆయప్పది తప్పని నేననను, ఆయప్పకూ రెండు మేకలుండె, వాటికీ ఆ చెట్టే దిక్కు. మాటా మాటా పెరిగె. ఆయప్ప దోటి పట్టుకొని గుంజె, మా అన్న ఇడిపిచ్చుకొని కట్టె తిప్పి ఒగ దెబ్బ ఏసె. ఒగటే. కొనన ఉండే కొడవలి తొడకు తగిలె. ఆడ ఏదో పెద్ద నరం ఉంటాదంటనే, అది తెగె. మా అన్నే తలగుడ్డ ఇప్పి తొడకు బిగిచ్చి కట్టి, ఓబుళేసును ఈపు మీద ఏసుకొని రోడ్డుకు మోసుకొచ్చె. లారీ ఆపినారు. హిందూపురం చేరకముందే పానం పాయ. ఓబుళేసు మంచోడప్పా. అది గూడా చెప్పల్ల. నాకు గౌడబావిలో ఈత నేర్పిచ్చినోడు ఆయప్పే.

పోలీసోల్లు మూడు వందల రెండు పెట్టినారు. నీకు తెలుసు గదా, చదువుతాండావు. కక్ష పెట్టుకొని, ఆయుధం ఎత్తుకొని పోయి, కావల్లనే సంపినాడని రాసినారు. అట్లయితే ఉరన్నా పడల్ల, బతికినన్నాళ్లు జైలన్నా పడల్ల. మాయమ్మ కూటి కాడ కూచోడం మానేసె. మా మేనమామ ఒగడుండె, పెద్ద తెలివైనోడు లే, పంచాయితీలంటే ముందుండేటోడు. "ఏముందిరా, ఆ పొద్దు తిప్పయ్య పావగడ సంతలో ఉండె అని నలుగురితో చెప్పిద్దాం, గట్టు దాటితే కర్ణాటక, ఎవుడొచ్చి అడుగుతాడు" అనె. మాకందరికీ బాగనే అనిపిచ్చె. వకీలు కాడికి పోయి చెప్తిమి. ఆయప్ప నశ్యం పీల్చి, ముక్కు తుడుచుకొని, "నలుగురు చెప్తారు. ఐదోవాడు వచ్చి నిజం చెప్తే?" అనె. మామ ఊరుకుంటాడా? "ఐదోవాన్ని మేం సూసుకుంటాం లే సామీ." "సరే, మంచిది. ఓబుళేసు తొడకు కట్టిన తలగుడ్డ ఎవురిది? అది ఒగటే పావగడ నుంచి వచ్చి కట్టుకున్నాదా?" మామ నా పక్క సూసె. వకీలే మళ్ల అనె: "మీవాన్ని బతికిచ్చేది ఆ గుడ్డేరా. సంపల్లనుకునేటోడు కట్టు కడతాడా? ఈపున మోస్తాడా? నేను ఆడ లేనంటే గుడ్డా పాయ, మోసిందీ పాయ, ఇంగ నేనేం పెట్టుకొని వాదించల్ల? ఆడ ఉండానని చెప్పల్ల. కొడితినని చెప్పల్ల. దానికి ఒప్పుకుంటే నేనొస్తా. లేదంటే కాగితాలు ఎత్తుకొని పోండి, సంతలో ఉండాడని చెప్పే వకీళ్లు ఇదే వీధిలో ఉండారు."

నాకు ఎంత కోపమొచ్చెనో ఆ పొద్దు! మన వకీలే మనవాన్ని పట్టిస్తాండాడు గదా అని. మామైతే బయటికొచ్చి ఉమ్మేసి, "ఈయప్ప అవతలోల్లతో కలిసిపోయినాడ్రా" అనె. ఇంటికొచ్చి పెద్ద గలాటా. అందరూ ఒగ పక్క, మాయమ్మ ఒగ పక్క. మాయమ్మ ఎప్పుడూ మాట్లాడేది కాదు మామ ఎదురుగా. ఆ పొద్దు అనె: "నా కొడుకు వాన్ని మోసుకొచ్చింది నిజం. వాడు బతకల్లని మోసినాడు. దాన్ని అబద్ధం చేస్తే నా కొడుకు కాడ ఇంగేం మిగుల్తాది?" అంతే. మామ తువ్వాలు దులుపుకొని పోయినాడు, కేసు అయ్యేదాంకా మా గడప తొక్కల్యా. టీ తాగప్పా, చక్కెర సాలకుంటే చెప్పు.

తర్వాత ఒగ దినం వకీలు బస్సు దిగి మా ఊరికే వచ్చె. చెప్పా లేదు, పెట్టా లేదు. గొడుగు పట్టుకొని ఆ గట్టు కాడికి పోయె, చెట్టు సూసె, దోటి ఎత్తి తనే ఒగ కొమ్మ కోసి సూసె, చేత కాల్యా లే, కొమ్మ నెత్తిన పడె. ఇంటింటికీ తిరిగి "మీ ఇంట్లో దోటి ఉండాదా" అని అడిగె. పిచ్చి పట్టిందేమో అనుకుంటిమి. మళ్ల బస్టాండులో భద్రమ్మ టీ బంకు కాడ కూచొని బస్సొచ్చేదాంకా టీ తాగె. భద్రమ్మ తెలుసా నీకు? నీకెట్ల తెలుస్తాది. ఆయమ్మ మా మీద సాక్షి. గొడవకు ముందు వారం ఆయమ్మ బంకు కాడ మా అన్న "ఓబుళేసుగాన్ని నరుకుతా" అన్నాడని చెప్పింది. అన్నాడు కూడా, అబద్ధం కాదు. ఆ మాటే మాకు ఉరితాడు. అట్లాంటామె కాడ పోయి టీ తాగుతాడేందిరా ఈయప్ప అని నేను దూరం నుంచి సూస్తాంటి. ఆయప్ప ఒగ మాట గూడా కేసు గురించి అడగల్యా. కూచున్నాడు, ఆయమ్మ మాట్లాడేది విన్నాడు, పోయినాడు.

అనంతపురం కోర్టులో సెషన్సు మొదలాయె. సర్కారు వకీలు దోటిని గుడ్డలో సుట్టి లక్క ముద్ర ఏసి తెప్పిచ్చినాడు. ఇప్పి పైకెత్తి, "ఇంత పెద్ద ఆయుధం ఎత్తుకొని పోయినాడు దొరా" అని గట్టిగా చెప్పె. సూసేకి నాకే భయమేసె. మన వకీలు లేసి, కేసు రాసిన ఎస్సైని మెల్లిగా అడిగె: "మీ స్టేషను ముందర చింతచెట్టు ఉండాది గదా, కాయలు దేంతో కోస్తారు?" "దోటితో సార్." "ఎవురిది?" "స్టేషనుదే సార్." "మీరు దాన్ని ఆయుధాల్లో రాసుకున్నారా?" "లేదు సార్." అంతే, మనోడు కూచున్నాడు. ఇంగొగ వకీలైతే అరగంట లెక్చరిచ్చింటాడు. మళ్ల భద్రమ్మ బోనెక్కె. ఉన్నది ఉన్నట్లు చెప్పె, ఆయమ్మ మీద నాకు కోపం లేదు. మనోడు లేసి, "బాగుండావామ్మా? ఈ పొద్దు బంకు ఎవురు సూసుకుంటాండారు?" అనె. ఆయమ్మకు ఎక్కడ లేని బాధ వచ్చె. "ఏం చెప్పల్ల సామీ, కొడుకు సూసుకుంటానంటే తాళాలిచ్చి అనంతపురం బస్సెక్కితి, వాడు బంకు మూసేసి నా ఎదురుగానే హిందూపురం బస్సెక్కి సినిమాకు పాయ. ఇంటికి పోనీ, ఆ నా కొడుకును నరికి కుప్ప పోస్తా!" కోర్టంతా నవ్వె. జడ్జి దొర గూడా తల వంచుకొని ఏదో రాసుకుంటాండాడు. "నిజంగా నరుకుతావామ్మా?" "అయ్యో, అదేం మాట సామీ, కన్నబిడ్డను! కోపంలో వస్తాది." మనోడు "సరేమ్మా, పో" అని కూచున్నాడు. చూడు, ఇంగొగ మాట అడగల్యా. నాకు ఆ పొద్దు తెలిసె, బంకు కాడ టీ ఎందుకు తాగినాడో. మన ఊర్లల్లో నరుకుతా, సంపుతా అనకుండా ఎవురికి పొద్దు గడుస్తాది? నన్ను మానాయన దినామూ నరికేటోడు.

కడాన జడ్జి దొర మా అన్నను అడిగె, నువ్వేం చెప్పుకుంటావని. ఆ పొద్దు గూడా మామ మాటే నా నెత్తిలో తిరుగుతాండె, తెలీదు అంటే పోదా అని. మా అన్న బోను కట్టె పట్టుకొని చెప్పె: "నేనే కొడితి దొరా. కొట్టల్లనే కొడితి. సంపల్లని కాదు. కొడవలి పక్క తిరిగిందని కోపంలో సూసుకోల్యా. కట్టు కడితి, మోస్తి, అయినా పాయ." అంతకు మించి రాల్యా. ఓబుళేసు పెండ్లాం తిమ్మమ్మ ఎనక బెంచీ మీద కూచోనుండె, సంకలో బిడ్డ. మా అన్న ఆ పక్క సూడల్యా.

మూడు వందల రెండు కొట్టేసినారు. మూడు వందల నాలుగు, రెండో భాగం, ఐదేండ్లు. సంపే ఉద్దేశం లేదు, ముందే అనుకున్నది గాదు, ఒగటే దెబ్బ, మళ్ల బతికిచ్చేకి సూసినాడు అని జడ్జి దొర చదివె. మాయమ్మ ఆడనే నేల మీద కూలబడి ఏడ్సె, సంతోషంతో. నేను వకీలు కాళ్లు పట్టుకుంటి. బయటికొస్తాంటే మెట్ల కాడ తిమ్మమ్మ నిలబడుండె. అరుస్తాదేమో, మన్ను ఎత్తి పోస్తాదేమో అనుకుంటి. ఏమీ చేయల్యా. వకీలును సూసి నిమ్మళంగా అడిగె: "సామీ, నువ్వు బాగా మాట్లాడ్తివి. వానికి ఉరి లేకుండా చేస్తివి. వానికి ఐదేండ్లు. నాకెన్నేండ్లు?"

అందరినీ ప్రశ్నలడిగే మడిసప్పా. కోటు ఇప్పి చేతిమీద ఏసుకొని మెట్టు మీద కూచునె. ఆయమ్మ రోంతసేపు నిలబడి సూసె, జవాబు వస్తాదేమో అని. మళ్ల బిడ్డను ఇంగో సంకకు మార్సుకొని బస్సుకు పాయ. మా అన్న జైలు నుంచి వచ్చె, బతికె, పెండ్లి చేసుకునె, మొన్నమొన్న పాయ. తిమ్మమ్మ ఇంగా ఉండాది. ఆ సున్నం కొట్టిన ఇల్లే, తలుపు తీసుండాదే, అదే. బయట కూచోనుండేది ఆయమ్మే.

…తాగప్పా, టీ సల్లారిపోయె.