రికాటు పట్టని కథ

మల్లప్పనా? పిచ్చి లేసి ఊర్లు తిరిగిండని చెప్పింటరు నీకు. చెప్తరు, వాళ్ల నోటికి మొక్కాలె. కూసో అమరేందర్, ఆ అరుగు మీద కూసో, నేను చెప్త. మల్లప్ప నాకు బావ, మా అక్క గోపమ్మ పెనిమిటి. కోస్గి చుట్టుముట్టు యాడ మా కురుమోళ్ల దేవుని కథ చెప్పిచ్చినా ఆయననే పిలుస్తుండిరి. ఆయన కథ చెప్పేది, నేను డోలు కొట్టేది, పర్వతాలు అని ఒకడుంటుండె, ఆడు తాళాలు. పొద్దున మొదలువెడితె పొద్దుగూకేదాక కథ. దానికొక కట్టుబాటుంది బిడ్డా. కథ ఎత్తుకున్నంక మంగళారతి పాడేదాక ఇడువొద్దు. వాన వచ్చినా ఇడువొద్దు, మనిషి పోయినా ఇడువొద్దు. ఇడిస్తే దేవుడు కథల యాడుంటె ఆడనే నిలవడ్తడు, గొర్ల మందకు కీడు. ఒకపారి పర్వతాలుకు తేలు కుట్టింది. కాలు గింత లావు ఉబ్బింది. ఆడు ఏడ్సుకుంటనే తాళం కొట్టిండు గానీ ఆపలే. నవ్వుతున్నవా? నవ్వు, మేము గూడ నవ్వినం, కానీ మంగళారతి అయినంకనే.

ఇగ రికాటు సంగతి. రజాకార్ల గడబిడ సల్లారి పదేండ్లు అయిందో ఏమో, పట్నంకెల్లి ఒక రికాటు కంపెనీ ఆయన వచ్చిండు, బావ కథ ఇని మమ్మల్ని ముగ్గుర్ని రైలెక్కిచ్చుకొని పోయిండు. ఒక అర్రల పెట్టిండ్రు. గోడలకు గోనెపట్టలు, కిటికీ లేదు, చెమటతోని డోలు జారిపోతుంది. పైన ఎర్రబుగ్గ, అదే ఎర్ర లైటు, ఎలిగినంత సేపు పాడాలె అన్నరు. బావ చెప్పులు బైట ఇడిసి, మైకుకు బొట్టు పెట్టి, కండ్లు మూసుకొని ఎత్తుకున్నడు. అబ్బ, ఏం గొంతు! దేవుడు మందను తోలుకొని వాగుల దిగిండు. రికాటు నిండినట్టుంది, అప్పుడే బుగ్గ ఆరింది. అద్దం అవతలికెల్లి మిషన్ సాబ్ సెయ్యి ఊపిండు, 'బస్, బస్' అని. నేను చూసిన. బావ కండ్లు తెరువలే. డోలు ఆపితె కథ ఆగుతది గద, నేనెట్ల ఆపుదు? కొట్టుకుంటనే పోయిన. సాబ్ మంచోడే పాపం, మిషన్ బందు పెట్టి, పాడుకోనియ్యిండ్రి అని బైటికి చాయ్ తాగనీకి పోయిండు. బావ సాయంత్రం దాక చెప్పి, మంగళారతి పాడి, మైకుకు దండం పెట్టిండు. 'గుర్వయ్యా, కథంత పట్టిండ్రు రా. ఇగ మనం పోయినా ఇది ఉంటది' అన్నడు నాతోని. గంత సంబురం ఆయన మొఖంల మల్ల నేను చూడలే. బుగ్గ ఆరిందని అప్పుడే చెప్పాలె నేను. రైలుల పక్కపక్కనే కూసున్నం. చెప్పలే. ఎందుకు చెప్పలేదంటె నాకే తెల్వది.

ఎండకాలంల రికాటు వచ్చింది. కోస్గి హోటల్ల పాటలపెట్టె ఉంటుండె, ఆడ పెట్టిచ్చిండ్రు. బావ మా అక్కకు కొత్త చీర కట్టిచ్చి తోలుకొచ్చిండు, కులపెద్ద బక్కయ్యను ముందల కూసోవెట్టిండు. మోగింది. జనం 'వారెవ్వా మల్లప్పా' అంటున్నరు. ఒక దిక్కు అయింది, తిప్పిండ్రు. దేవుడు వాగుల దిగిండు, నడివాగుకు వచ్చిండు, ముల్లు గర్రుమని గీసుకుంట పోయి ఆగింది. 'ఇంకో రికాటు ఎయ్యి' అన్నడు బావ. హోటలాయన, 'ఇంకోటి యాడిది? గింతే ఇది' అన్నడు. బక్కయ్య లేసి గొంగడి దులుపుకొని, 'దేవుణ్ని నడివాగుల నిలవెట్టి వచ్చినవా రా మల్లిగా' అన్నడు. అంతే అని పోయిండు. ఆ ఏడు వానలకు గొర్లకు రోగం తగిలింది. ఏటేట తగుల్తది, ఆ ఏడు జర ఎక్వ తగిలింది. మా మందల నలభైకి పదకొండు మిగిలినయి. ఇగ బావను కథకు ఎవ్వరు పిలువలే. ఇంటిముందలికెల్లి పోతె జనం మొఖం తిప్పుకునేది. పట్నాలల్ల మాత్రం రికాటు మస్తు నడుస్తుందట, పెండ్లిళ్లల్ల అదేనట! ఎన్ని చేసిండ్రో, ఎవరి ఇండ్లల్ల ఉన్నయో ఎవరికెరుక? మోగినప్పుడల్ల దేవుడు మల్ల వాగుల దిగుతడు, మల్ల నిలవడ్తడు. బావకు ఇదే ఫికర్. తిండి లేదు, నిద్ర లేదు.

అప్పటికెల్లి తిరుగుడు మొదలువెట్టిండు. రికాటు యాడుందంటె ఆడికి నడుసుకుంట పోయేది. అది మోగి ఆగంగనె ఈయన నిలవడి కథ అందుకునేది. దేవుణ్ని వాగు దాటిచ్చి, మంగళారతి పాడి, మల్ల ఇంకో ఊరు. కోస్గి హోటలాయన వారం రోజులు ఓపిక వట్టి, తర్వాత బావ మీద నీళ్లు సల్లిండు. నారాయణపేటల సిద్దయ్య అని సాలె ఆయన ఒక్కడు, పాటలపెట్టె పక్కన మగ్గం నేసుకుంట, 'పాడు మల్లప్ప, మగ్గం ఆపను గానీ వింట' అన్నడట. ఆ ఇల్లు యాది చేసుకొని బావ ఏడుస్తుండె. పాలమూరుల ఒక పెండ్లిల పిచ్చోడని మెడవట్టి నూకిండ్రు, పన్ను ఊసిపోయింది. మా అక్క కాళ్లు వట్టుకున్నది, 'నీకు మొక్కుత, ఇంట్ల ఉండు' అని. ఇంటడా? నాలుగేండ్లు తిరిగిండు. గొంతు బొంగురువోయింది, తర్వాత నెత్తురు వడ్డది. పాలమూరు దవాఖానల ఏసినం.

ఆడ ఇరవై మంచాలు. ఎదురుంగ ఎవరిదో పెండ్లి, మైకుసెట్టు పెట్టిండ్రు. ఏం మోగింటదో నీకు చెప్పాల్నా? బావ లేసి కూసున్నడు. రికాటు ఆగింది. నోరు తెరిచిండు, గాలి తప్ప ఏం రాలే. నా సెయ్యి వట్టుకొని నా దిక్కు చూసిండు. నాకు వచ్చు బిడ్డా. పన్నెండేండ్లు ఆయన పక్కన డోలు కొట్టిన, ఒక్క మాట పోకుంట మొత్తం వచ్చు. కానీ వార్డు నిండ జనం, నర్సమ్మ నిలవడి ఉంది, ఇస్త్రీ బట్టల డాక్టరు సాబ్ ఉన్నడు. నవ్వుతరు అనుకున్న. 'బావా, నాకు రాదు' అన్న. ఆయన నా సెయ్యి మెల్లగ ఇడిసిండు, గోడ దిక్కు తిరిగి పండుకున్నడు, ఇగ లేవలే...

ఏయ్, ఆ కుక్కను అదిలియ్యి, నీ చెప్పులు కొరుకుతుంది.