ట్రైలరెక్కని జీపు

కార్పాతియన్ కొండదారి మలుపులో ఇలారియె జీపు వెనక ఇరుసు విరిగి కూలబడింది. బురదలో జీపుల పోటీ ఇంకో గంటలో మొదలు. ఖాళీ ట్రైలరుతో వెనకాలే వచ్చిన బావమరిది తోదెర్ దిగాడు.

"ముప్పయ్యేళ్లలో నా జీపు ట్రైలరెక్కలేదోయ్!"

"మరి పోయినేడు, బావా?"

"అదొక్కసారే."

"అంతకు ముందేడు?"

"సరే, రెండు!" ఇలారియె పకపకా నవ్వాడు.

"బురదలో కూరుకోకుండా వెనకచక్రాలు రెండూ కలిసే తిరిగేలా వెల్డింగ్ పెట్టించావు. ఆ బండిని తారురోడ్డు మలుపుల్లో తోలితే ఇరుసు ఉంటుందా?"

"ఊరంతా చూస్తుండగా తోలుకెళ్దామనుకున్నా. డాక్టరు ఇక స్టీరింగు పట్టొద్దన్నాడు. ఇదే ఆఖరిది."

"ఎక్కిద్దామా?"

"ఎక్కించు. ఇంటికే."

తోదెర్ గొలుసు బిగించాడు. "వచ్చే ఏడు చూద్దాంలే, బావా."

ఈ కథలో నేను కల్పించింది తోదెర్ అన్న ఆ చివరి మాటొక్కటే. నిజానికి తోదెర్ గొలుసు బిగించి బండెక్కాడంతే.